సున్నం కింది గీతలు

మా నాయిన తాగి పడలేదు. ఆదివారాలు కల్లు తాగేవాడు, అది నిజమే. ఆయన పోయింది మంగళవారం.

పోలీసు కాగితంలో మాత్రం ‘మద్యం మత్తులో సెల్లార్ మెట్ల మీది నుంచి జారిపడి’ అని ఉంది. దాని కింద మా అమ్మ కొండమ్మ వేలిముద్ర ఉంది. ఆ మాట రాయించినవాడు సదాశివ సేటు. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దాటాక ఒక సందులో మూడంతస్తుల బిల్డింగు ఆయనది. రోడ్డు మట్టానికి నోట్‌బుక్కుల హోల్‌సేల్ దుకాణం, దాని కింద సెల్లార్‌లో కాగితం గోదాము. నాయిన బీరయ్య ఆ బిల్డింగుకు తొమ్మిదేళ్ళు వాచ్‌మన్. మెట్ల పక్కన ఒక్క అర్రలో ఉండేవాళ్ళం. నాయిన పోయాక కూడా సేటు మమ్మల్ని వెళ్ళగొట్టలేదు. ఎంత మంచివాడో అని సందులో అందరూ అంటారు.

ఆ మంచితనం ఎందుకో నాకు తెలుసు. తెలిసినదాన్ని ఎక్కడ చెప్పాలో ఎనిమిది నెలల దాకా తెలియలేదు.

మే నెలలో గన్‌ఫౌండ్రీలో నాకు పని దొరికింది. నళిని మేడం ఆఫీసు రెండు గదులు, ఒక పెద్ద గోడ. గోడ నిండా రంగురంగుల చిట్టీలు. పదిహేనేళ్ళ తర్వాత అబిడ్స్, నాంపల్లిలో ఎండ ఎంత ఉంటుంది, వాన ఎంతసేపట్లో ఎంత పడుతుంది, ఏ మురుగు మోరీ చాలదు, ఏ చెట్టు నరికితే ఏ సందు ఉడికిపోతుంది, ఇవన్నీ ముందే ఆలోచించి నగరానికి ఒక ప్రణాళిక రాసివ్వాలి. నా పని దుకాణం దుకాణం తిరిగి వివరాలు రాసుకురావడం. ఊరి బడిలో చదివినదాన్ని కాబట్టి నా తెలుగు రాత గుండ్రంగా ఉంటుంది. మేడం ఆ రాత చూసే తీసుకున్నారని తర్వాత చెప్పారు.

మొదటిరోజు నేను గోడను చూస్తూ నిలబడితే ఆమె నవ్వారు.

“జోస్యం అనుకుంటున్నవా?”

“ఏమో మేడం.”

“రేపు ఒక్కటే ఉంటదనుకునేటోళ్ళు జోస్యం చెప్తరు. మనం నాలుగు రేపులు రాస్తం. మంచిది, చెడ్డది, మరీ చెడ్డది, ఎవ్వరు అనుకోనిది. నాలుగిట్ల ఏది వచ్చినా పనికొచ్చే పని ఏందో చూసుకొని, దాన్ని ఇయ్యాల్నే మొదలుపెడ్తం. గంతే.”

“మరీ చెడ్డదే వస్తే?”

“అది వస్తదని ముందే రాసుకున్నోళ్ళు, వచ్చినప్పుడు నిలబడి ఉంటరు.”

ఆ సాయంత్రం అర్రకు వచ్చి, నాయిన చిల్లర ఖర్చులు రాసుకునే పాత నోటుబుక్కులో వెనక పేజీ తీశాను. నాలుగు గళ్ళు గీశాను. మొదటి గడిలో: నేను సేటును నిలదీస్తాను, ఆయన మమ్మల్ని రోడ్డు మీద పెడతాడు. రెండో గడిలో: నేను పోలీసుల దగ్గరికి పోతాను, వాళ్ళు అమ్మ వేలిముద్ర చూపిస్తారు. మూడో గడిలో: నేనేమీ చెయ్యను, పదిహేనేళ్ళ తర్వాత కూడా ఆయన నాయినను తాగుబోతు అనే అంటాడు.

నాలుగో గడి చాలాసేపు ఖాళీగా ఉంది. చివరికి ఇలా రాశాను: జరిగింది జరిగినట్టు ఆయనే రాసిస్తాడు.

ఎవ్వరూ అనుకోనిది అదే. అది రావాలంటే నిజం చెప్పడంలో ఆయనకు లాభం ఉండాలి.

*

జూన్‌లో సర్వే మొదలుపెట్టాం. నాంపల్లి స్టేషన్ దగ్గర లాడ్జి నడిపే రామచందర్ నా ఫారం చూసి ముక్కు మీద వేలేసుకున్నాడు.

“పదిహేనేండ్ల తర్వాత ఎండ ఎట్ల కొడ్తదని నన్ను అడుగుతున్నవా? నా లాడ్జిల పంకా రేపు పొద్దుగాల తిరుగుతదో లేదో నాకే ఎరుకలేదు.”

“పోయిన వానకాలం నీళ్ళు ఎంత వచ్చినయ్ అన్నా?”

“రాలే.”

ఆయన వెనక గోడకు మోకాలెత్తున పసుప్పచ్చ మరక ఉంది. నేను దానివైపు చూశాను. ఆయనా తల తిప్పి చూశాడు.

“అది వాన కాదమ్మా. పైపు లీకు.”

“బయటి గోడకు గూడ అంతే ఎత్తున ఉందన్నా.”

“మెత్తగ మాట్లాడి మస్తు గుచ్చుతవ్ పో. రాస్కో. మోకాలు.”

అబిడ్స్‌లో ఎవరిని అడిగినా నీళ్ళు రావు. వస్తాయంటే కిరాయికి మనిషి దొరకడు. పైగా ఏటా దసరాకు గోడలకు సున్నం పడుతుంది. సున్నం ఆరితే ఆ యేడు వానే కురవనట్టు ఉంటుంది.

సదాశివ సేటు దగ్గరికి చివర్న వెళ్ళాను. బడులు తెరిచే రోజులు. గల్లా ముందు పదిమంది కొనేవాళ్ళు ఉన్నారు. నేను అందరిలాగే వరసలో నిలబడి నా వంతు వచ్చాక అడిగాను.

“నీళ్ళా? మన సెల్లార్ల ఇరవై ఏండ్ల సంది చుక్క రాలే. రాస్కో.” అందరికీ వినబడేలా అన్నాడు. తర్వాత కొనేవాళ్ళ వైపు తిరిగాడు. “మా వాచ్‌మన్ బిడ్డ. ఆఫీసుల పని చేస్తుంది. వాడు బతికుంటే ఎంత సంబరపడేటోడో. మంచోడే, పాపం. ఆ తాగుడొక్కటి లేకుంటే.”

“ఔ సేటు,” అన్నాను.

‘చుక్క రాలేదు’ అని గుండ్రటి అక్షరాలతో రాసి, కింద ఆయన సంతకం తీసుకున్నాను. ఆ ‘ఔ’ మాత్రం చాలా రోజులు నా పళ్ళ సందున ఇరుక్కునే ఉంది.

చుక్క రాలేదన్న సెల్లార్‌లో నాయిన ఏటా గీతలు గీసేవాడు. అది ఆయనకు ఊరి నుంచి వచ్చిన అలవాటు. నారాయణపేట దగ్గర మా ఊళ్ళో మాకు ఒక బావి ఉండేది. ప్రతి ఎండాకాలం నీళ్ళు ఎంతకు దిగితే అంతకు, బావి రాతి మీద జాజుతో ఎర్రగీత గీసి పక్కన సంవత్సరం వేసేవాడు. ఆయనకు రాయడం వచ్చింది అంకెలే. గీతలు ఏటా కిందికి దిగి దిగి ఒక ఏడాది బావి అడుగే కనబడ్డది. అప్పుడే మేం పట్నం వచ్చాం. ఇక్కడ సెల్లార్ గోడ మీద గీసిన గీతలు ఏటా పైకి ఎక్కాయి. “ఊళ్ళ పోయిన నీళ్ళు గీడికి వచ్చినట్టున్నయ్,” అని నవ్వేవాడు. ప్రతి దసరాకు సేటు నాయిన చేతనే ఆ గీత మీద సున్నం వేయించేవాడు.

*

జూలైలో నళిని మేడం టేబులు చుట్టూ కూర్చుని కొత్త ఫారం తయారుచేశాం. వచ్చే రెండేళ్ళలో అబిడ్స్ కింద పెద్ద మోరీ కొత్తగా వేస్తారు. అది ఏ సందు నుంచి మొదలుపెట్టాలి, ఏ సెల్లార్లకు ముందు పంపులు పెట్టాలి అన్నదానికి ఒక జాబితా కావాలి. జాబితాలో లేనివారి వంతు నాలుగేళ్ళ తర్వాత. జూన్ సర్వేలో అందరూ నీళ్ళు రాలేదన్నారు, ఇప్పుడు అందరూ వచ్చాయంటారు కనుక, ఈసారి రుజువు చూపిస్తేనే మార్కులు. ఎన్నిసార్లు వచ్చాయి, ఎంత ఎత్తు, ఎంతసేపు నిలిచాయి, పంపు ఉందా, షట్టర్ ఉందా. ఏడు గళ్ళు అయ్యాయి.

“మేడం, అన్నీ నీళ్ళ గురించే ఉన్నయ్,” అన్నాను.

నేను ఆ టేబులు దగ్గర మాట్లాడింది అదే మొదటిసారి. అందరూ నావైపు చూశారు.

“మనుషుల గురించి లేదు. నీళ్ళు వచ్చినప్పుడు లోపట ఎవరన్న ఉన్నరా, ఏం పని మీద దిగిన్రు, వాళ్ళకు ఏమైంది. ఒకపారి మనిషి చిక్కిన సెల్లార్ల మళ్ళ చిక్కుతడు కదా మేడం. మోరీ ఫస్టు గాడికే పోవాలె కదా.”

మేడం పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశారు. “నిజమే. ఇది మొదటి గడి కావాల్సింది.” అందరికంటే ఎక్కువ మార్కులు దానికే వేశారు. మృతుల కుటుంబం నుంచి ఒకరు సాక్షిగా ఉండాలని ఆమే చేర్చారు.

అలా ఎనిమిదో గడి వచ్చింది. పగ కోసం పెట్టానని ఎవరైనా అంటే కాదనను. ఉండాల్సిన గడి అని కూడా అంటాను.

*

ఆగస్టు రెండో వారంలో ఫారాలు పంచాం. మూడోరోజు మధ్యాహ్నం సదాశివ సేటు మా అర్ర ముందుకు వచ్చాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ రాలేదు. చేతిలో ఫారం, చెమటకు చొక్కా వీపుకు అతుక్కుని ఉంది.

“బిడ్డా వనితా, జర నీతోని పని.”

అమ్మ గబగబా స్టూలు తుడిచి వేసింది.

“గీ ఎనిమిదో గడికి గన్ని మార్కులు నిజమేనా?”

“నిజమే సేటు.”

“మరి నువ్వు చెప్పొద్దా? మనోళ్ళు ఆఫీసుల ఉండి నేను జాబితాల లేకపోతే ఎట్లా? మా పక్క బిల్డింగోడు అప్పుడే ఫొటోలు గిట్ల రెడీ చేసుకుంటుండు.”

“జూన్ల మీరు చుక్క రాలేదని సంతకం పెట్టిన్రు కదా సేటు.”

“అరె, అది వేరే కాగితం, ఇది వేరే కాగితం. ఒక ఆఫీసుల రాసింది ఇంకో ఆఫీసుకు తెలుస్తదా? నలభై ఏండ్ల సంది యాపారం చేస్తున్న, ఒక్కపారన్న రెండు కాగితాలు కల్సినయా?” తన మాటకు తనే నవ్వాడు. “నువ్వు ఫికర్ చెయ్యకు. రాయి. నేను చెప్త.”

రుజువు కావాలన్నాను. గీతలున్నాయి కదా అన్నాడు. ఆయనకు గుర్తుంది. ఏటా సున్నం వేయించిన మనిషికి ఎక్కడెక్కడ వేయించాడో బాగా గుర్తుంది.

సేటూ నేనూ సెల్లార్‌లోకి దిగాం, అమ్మ మెట్ల మీదే ఆగింది. ముక్కిన కాగితం వాసన, పాత తడి వాసన. సేటు తనే బకెట్టు నీళ్ళు తెచ్చి గోడ మీద చల్లాడు. సున్నం తడిసేకొద్దీ కింది నుంచి ఎరుపు మెల్లగా పైకి వచ్చింది. నేను చెంచా తీసుకుని పొర పొరగా గీకాను. మోకాలెత్తున ఒకటి. తొడ దగ్గర ఒకటి. నడుము. నాయిన అంకెలు, వంకరగా, తలలు పెద్దవిగా.

“గీకు బిడ్డా, గీకు. ఇంకా పైన ఉండాలె,” అని సేటు సెల్‌ఫోన్‌తో ఫొటోలు తీస్తున్నాడు. పండగ ముగ్గును ఫొటో తీసే మనిషిలా ఉన్నాడు.

చివరి గీత నా తల కంటే పైన వచ్చింది. దాన్ని చూసి నేను ఆగిపోయాను. నాయిన గీయలేని గీత అది. పక్కన సంవత్సరం లేదు. ఎర్రటి వేలిముద్ర ఉంది.

“గిదెవ్వరిది?” అన్నాడు సేటు.

“నాదే,” అంది మెట్ల మీద నిలబడ్డ అమ్మ. “నాకు అంకెలు రావు. గందుకని ఏలు పెట్టిన.”

నాకు ఆ సంగతి తెలియదు. నాయినను తీసుకుపోయిన మర్నాడు, నీళ్ళు దిగాక, అమ్మ ఒక్కతే కిందికి వెళ్ళి ఆ గీత గీసింది. పదిహేను రోజుల తర్వాత దసరాకు సేటు చెబితే దాని మీద సున్నం వేసింది కూడా ఆమే.

సేటు ఆ వేలిముద్రను కూడా దగ్గరగా ఫొటో తీసుకున్నాడు. “మంచి పని చేసినవ్ కొండమ్మా,” అన్నాడు.

నేను కాగితం బేళ్ళ మీద ఫారం పెట్టుకుని రాయడం మొదలుపెట్టాను. ఆయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చెప్పాడు. తేదీ. సాయంత్రం నాలుగున్నరకు వాన. నలభై నిమిషాల్లో రోడ్డు నిండింది.

“పంపు సంగతి, సేటు?”

“పంపు ఎందుకు?”

“పంపు మంచిగుంటే కొత్త పంపు ఎందుకిస్తరు?”

ఆలోచించాడు. “రాయి. పంపు మూడు నెలల సంది ఖరాబై ఉండె.”

“షట్టరు?”

“రోడ్డు నీళ్ళు రావద్దని నేనే దింపించిన. నీళ్ళ జోరుకు అది లోపటికి విరిగింది. మంచి పాయింటే గది, రాయి రాయి.”

రాశాను. ఊళ్ళో పంతులు డిక్టేషన్ చెబితే ఒక్క తప్పు లేకుండా రాసేదాన్ని. అంతే జాగ్రత్తగా రాశాను.

“ఎనిమిదో గడి. బీరయ్య, యాభై రెండేండ్లు. ఎందుకు దిగిండు సేటు?”

“దిగిండు. గంతే రాయి.”

“ఊకెనే దిగినోళ్ళకు సగం మార్కులే. పని మీద దిగినోళ్ళకు పూర్తిగ. గాడ కింద చిన్నగ రాసుంది, సూడున్రి.”

ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టుకుని చదివాడు. సెల్లార్‌లో పంకా లేదు. చెమట ఆయన చెవి వెనక నుంచి మెడ మీదికి దిగింది. అమ్మ మెట్ల మీద నుంచి ఒక మెట్టు కిందికి వచ్చింది.

“సరుకు పైకెత్తమని నేనే పంపిన,” అన్నాడు. తర్వాత, ఇంకో మార్కు ఎక్కడైనా ఉందేమోనని, “వద్దు సేటు, షట్టరు ఊగుతుంది అన్నడు. నేనే పంపిన,” అన్నాడు.

అది నాకు తెలియదు. నాయిన వద్దన్నాడని ఎనిమిది నెలలూ, ఆ తర్వాత మూడు నెలలూ నాకు తెలియదు. పెన్ను కాగితం మీద ఆగిన చోట చిన్న సిరాచుక్క పడ్డది. దాని పక్కనుంచే రాశాను.

సేటు సంతకం చేశాడు. పైనుంచి షాపు రబ్బరుముద్ర తెప్పించి అది కూడా కొట్టాడు. “కొండమ్మా, జర ఏలేసి పో.”

అమ్మ కదలలేదు. “ఏమని రాసిన్రు?”

పోయినసారి ఆమెకు ఎవరూ చదివి వినిపించలేదు. నాయిన శవం దవాఖానలో ఉంది, వేలు వేస్తేనే ఇస్తారని సేటు చెప్పాడు, ఆమె వేసింది. ఈసారి నేను మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివాను. అమ్మ గోడ వైపు చూస్తూ విన్నది. అంతా అయ్యాక సేటును అడిగింది.

“తాగిండని లేదా?”

“గీ కాగితంల ఆ మాట అవసరం లేదు,” అన్నాడు సేటు.

అమ్మ చీరకొంగుకు వేలు శుభ్రంగా తుడుచుకుంది. అప్పుడు సిరాడబ్బా మీద ఒత్తి, నేను చూపించిన చోట వేసింది.

*

ఆ పూట అమ్మ అన్నం వండలేదు. స్టవ్వు ముందు కూర్చుని అడిగింది.

“గా కాగితంతోని ఏం చేస్తవు?”

చెప్పాను. అది నగరం ఆఫీసులో అందరూ చూడగల కాగితం అవుతుంది. మృతుడి బిడ్డగా నేను ముద్ర వేసిన నకలు అడగొచ్చు. నాంపల్లి కోర్టులో విమల అని ఒక లాయరమ్మ ఉంది. జూన్‌లోనే కలిశాను. ఆయన సంతకం పెట్టి ఇచ్చింది ఏదన్నా ఉంటే తీసుకురా, మూసిన కేసు తెరిపిస్తాను అంది.

“జూన్ల సంది!” అంది అమ్మ. నన్ను కొత్తగా చూసింది. “నీ మొఖంల ఏం కనబడదు పోరీ. నీకు నాయిన పోలిక రాలే.”

“ఈ అర్ర పోతదమ్మా.”

“పోతది. గీ అర్ర కోసమే గదా నోరు మూసుకున్న. వేరే అర్ర చూసినవా?”

“చూసిన. నాంపల్లిల. స్టేషన్ ఎనక, మూడో అంతస్తు.”

అమ్మ లేచి బియ్యం కడగడానికి గిన్నె తీసుకుంది.

*

సెప్టెంబరు రెండో వారంలో జాబితా వచ్చింది. మా సందు మొదట ఉంది. మోరీ పని అక్కడే మొదలవుతుందని, వాన హెచ్చరిక రాగానే జాబితాలోని సెల్లార్లన్నీ ఖాళీ చేయించాలని ప్రణాళికలో రాశారు. సేటు సందంతా మిఠాయి పంచాడు. మా అర్రకూ ఒక డబ్బా వచ్చింది. అమ్మ దాన్ని తెరవకుండా స్వీపరమ్మకు ఇచ్చేసింది.

నకలు కోసం నేను పెట్టిన దరఖాస్తు నళిని మేడం టేబులు మీదికి వచ్చింది. ఆమె నన్ను పిలిచి తలుపు దగ్గరగా వేశారు.

“ఈ ఫారం రాత నీది.”

“మాటలు ఆయనవి మేడం.”

“ఎనిమిదో గడి నువ్వు అడిగినరోజు నాకు నీ నాయిన సంగతి తెలియదు. తెలిస్తే ఏం చేసేదాన్నో చెప్పు.”

“తీసేసెటోళ్ళు.”

“తీసేసేదాన్ని కాదు. పెట్టేటప్పుడు చెయ్యి కొంచెం వణికేది.” ఆమె గోడ మీది చిట్టీల వైపు చూశారు. “వనితా, ఇది ముందుచూపా, పగా?”

“నాలుగు రేపులల్ల ఏది వచ్చినా పనికొచ్చే పని మేడం.”

ఆమె నవ్వలేదు. నకలు మీద సంతకం పెట్టి, ముద్ర వేసి, నా చేతికిచ్చారు. నేను తలుపు దాకా వెళ్ళాక, “ఇంకోసారి నాకు చెప్పి చెయ్యి,” అన్నారు.

జూన్‌లో ‘చుక్క రాలేదు’ అన్న కాగితానికీ ఒక నకలు తీసుకున్నాను. రెండింటినీ విమల లాయరమ్మ టేబులు మీద పక్కపక్కన పెట్టాను. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని రెండూ చదివింది, మళ్ళీ చదివింది. తర్వాత చాయ్ చెప్పింది.

*

కోర్టు నోటీసు ఇంకా రాకముందే వాన వచ్చింది. సెప్టెంబరు చివర్న, పట్టపగలు, మూడు గంటలకు. ఆ పూట పొద్దున్నే హెచ్చరిక మెసేజీ వచ్చింది. గోదాములో పనివాళ్ళను నేనే పైకి పంపించాను. అరగంటలో రోడ్డు నల్లగా నిండింది. స్కూటర్లు పడిపోతున్నాయి. కొత్త పంపు ఇంకా రాలేదు.

సేటు గల్లా దగ్గరి నుంచి పరుగెత్తుకొచ్చాడు. కింద కొత్త సరుకు ఉంది. పంచె మోకాళ్ళ పైకి మడిచి మెట్ల దగ్గరికి వచ్చాడు. కింద షట్టరు ఊగుతున్న చప్పుడు వినబడుతోంది.

నేను మెట్ల మీదే ఉన్నాను. నా పక్కన మనిషి పట్టేంత ఖాళీ ఉంది. నేను కొంచెం పక్కకు జరిగితే చాలు. ఏమీ అనక్కర్లేదు. నాయినకు ఆయన చెప్పిన మాట చెప్పక్కర్లేదు, ఊరికే ఉంటే చాలు. మే నెలలో గీసిన నాలుగు గళ్ళలో ఈ గడి లేదు.

ఆయన మొదటి మెట్టు దిగాడు. రెండో మెట్టు.

నేను ఆయన మోచెయ్యి పట్టుకున్నాను.

“దిగకున్రి సేటు.”

“సరుకు, సరుకు బిడ్డా!”

“దిగొద్దు.”

గట్టిగా పట్టుకున్నాను. ఊళ్ళో బావి తాడు పట్టిన చెయ్యి అది. ఆయన నా ముఖంలోకి చూశాడు, మెత్తబడ్డాడు. అంతలో కింద షట్టరు విరిగిన చప్పుడయింది. ఎర్రమట్టి నీళ్ళు నాలుగు మెట్లు ఒక్కసారి మింగాయి. ఆయన గోడకు ఒరిగి కూర్చుండిపోయాడు.

“నీ నాయిన లెక్కనే నమ్మకస్తురాలివి,” అన్నాడు. “నన్ను బతికించినవ్.”

“ఔ సేటు,” అన్నాను.

ఆయన బతికి ఉండాలి. కోర్టులో పేరు పిలిస్తే లేచి నిలబడాలి. రాయించింది తనేనని చెప్పాలి. నీళ్ళు తీసుకుపోతే నాకు మిగిలేది మళ్ళీ ఒక కాగితమే.

*

దసరాకు నాలుగు రోజుల ముందు మేం అర్ర ఖాళీ చేశాం. సామాను ఒక ట్రంకుపెట్టె, రెండు మూటలు. ఆటో సందు మొదట్లో ఆగింది. అదే పొద్దున కోర్టు మనిషి వచ్చి సేటుకు నోటీసు ఇచ్చి, సెల్లార్ గోడ మీద ఒక కాగితం అంటించి పోయాడు. విచారణ అయ్యేదాకా గోడను ఎవరూ ముట్టకూడదని దాంట్లో ఉంది.

సేటు నోటీసు పట్టుకుని మెట్ల దగ్గరికి వచ్చాడు. సందులో వాళ్ళు దుకాణాల్లోంచి తలలు బయటపెట్టారు.

“ఏందే వనితా ఇది? నేను నీకు అన్నం పెట్టిన. నీడ ఇచ్చిన.”

నేను ట్రంకుపెట్టెకు తాడు బిగించాను.

“నేను రాయించింది పంపు కోసం! మోరీ కోసం! చావు కోసం రాయించిన్నా?”

“మీరు చెప్పినట్టే రాసిన సేటు,” అన్నాను. “ఒక్క మాట కలపలే.”

“మోరీ కాగితం తీస్కపోయి కోర్టుల పెడ్తరా ఎవరన్న? అది నీళ్ళ కాగితం! నీళ్ళకు, చావుకు ఏం సంబంధం?”

మూట నెత్తిన పెట్టుకోబోతున్న అమ్మ ఆగింది. ఇన్నేళ్ళలో ఆయనతో ఆమె తలెత్తి మాట్లాడగా నేను చూడలేదు.

“ఆ దినం రెండు ఒక్కటే ఉండె సేటు,” అంది.

సేటు చుట్టూ చూశాడు, ఎవరైనా తనవైపు ఒక మాట అంటారేమోనని. తలలు ఒక్కొక్కటీ లోపలికి పోయాయి. అప్పుడు ఆయనకు ఏం చెయ్యాలో తోచక, ఏటా ఈ రోజుల్లో అనే మాటే అన్నాడు.

“దసరా వస్తుంది. గోడకు సున్నం ఎవరేస్తరు?”

అమ్మ మూట కిందపెట్టి సెల్లార్‌లోకి దిగింది. నేను వెనక వెళ్ళాను. నీళ్ళు దిగి బురద ఆరుతోంది. కొత్త తడిమరక పాత గీతలన్నిటినీ దాటి, ఆమె గీసిన గీతకు కూడా జానెడు పైన ఉంది. కోర్టు కాగితం పక్కన ఆ ఎర్ర వేలిముద్ర అలాగే ఉంది. అమ్మ దాన్ని ముట్టలేదు. ముట్టకూడదని నేను చదివి చెప్పాను కదా. చెయ్యి వెనక్కి కట్టుకుని, ఇంటికి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు కాసేపు చూసింది.

పైకి వచ్చేసరికి సేటు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన, ఎవరో ముందురోజే తెచ్చిపెట్టిన సున్నం బకెట్టు. అప్పుడే నీళ్ళు పోసి నానబెట్టారు. మేం దాటి వెళ్తుంటే అందులోంచి ఇంకా వేడి ఆవిరి వస్తోంది. దాన్ని అక్కడే వదిలి ఆటో ఎక్కాం.